వద్దనే హక్కు ఎవరిది? వారసత్వపు చాకిరీ, వివిధ రాష్ట్రాల చట్టాలు

2023 వానాకాలంలో ఊరికి పోయినప్పుడు మా తమ్ముడు ఒక స్టాంపు కాగితం తెచ్చి నా ముందర పెట్టాడు. మా నాయిన అప్పటికి వీఆర్ఏ. వయసు అరవై ఒకటి దాటింది. తెలంగాణ ప్రభుత్వం వీఆర్ఏల వ్యవస్థను రద్దు చేసి, ఉన్న ఇరవై వేల పైచిలుకు మందిని వేరే శాఖల్లో సర్దుతామని, అరవై ఒకటి దాటినవాళ్ళ వారసులకు ఉద్యోగం ఇస్తామని ఆ ఏడాదే ప్రకటించింది. ఇంటికి పెద్దకొడుకును నేను. కనుక నాకు అభ్యంతరం లేదని, వారసత్వంగా వచ్చే ఆ కొలువు నాకు వద్దని, తమ్మునికే ఇవ్వమని నేను రాసివ్వాలి. రాసిచ్చాను.

నేను సంతకం పెడుతుంటే నాయిన పక్కనే మంచంలో కూర్చొని చూస్తున్నాడు. "నువ్వు వద్దని రాస్తే గవర్నమెంటు ఒప్పుకుంటదా?" అని అడిగాడు. ఒప్పుకుంటుందన్నాను. "మా నాయిన వద్దంటే ఎవలొప్పుకున్నరు?" అన్నాడు.

మా తాత ఊరికి బేగారి. డప్పు కొట్టి చాటింపు వెయ్యాలి. ఊరి పన్ను మూటను, కాగితాల సంచిని తాలూకాకు మోసుకపోవాలి. దొర చుట్టాలు వస్తే సామాను మొయ్యాలి. పీనుగ దొరికితే పోలీసులు వచ్చేదాకా రాత్రంతా కావలి ఉండాలి. దీనికి బదులు రెండెకరాల లోపు ఇనాం చెలక, కల్లం కాడ రైతులు పెట్టే మేర. ఒకసారి జ్వరమొచ్చి పోనంటే, అప్పటికి పదేళ్ళున్న మా నాయినను బడి నుంచి పిలిపించి పంపించారట. మా నాయిన చదువు ఆ ఏడాదే ఆగింది.

ఈ రెండు సంఘటనల మధ్య ఏం జరిగిందో తెలుసుకోవాలన్నదే ఈ వ్యాసం. ఆస్తి హక్కు గురించి మనం చాలా మాట్లాడాం. దళితులకు భూమి కావాలన్నాం, వారసత్వపు వాటా కావాలన్నాం. అది సరైనదే. కానీ వారసత్వంగా వచ్చినదాన్ని 'నాకొద్దు' అనే హక్కు గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. చరిత్రలోకి పోయి చూస్తే, ఎవరికి ఆ హక్కు ఉంది, ఎవరికి లేదు అన్నదాన్ని బట్టే మనిషి అంతస్తు ఏమిటో తెలుస్తుంది.

బానిస వద్దనలేడు

ఈ తేడా మన దేశంలోనే పుట్టింది కాదు. పాత రోము చట్టం చూడండి. బయటి మనిషిని వీలునామాలో వారసుడిగా రాస్తే, అతను ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు. కానీ యజమాని తన బానిసకు స్వేచ్ఛనిచ్చి తన వారసుడిగా రాస్తే, ఆ బానిస వద్దనడానికి వీల్లేదు. చట్టం అతన్ని 'తప్పనిసరి వారసుడు' అన్నది. ఇందులో మర్మం ఏమిటి? నిండా అప్పుల్లో మునిగిన యజమాని ఇట్లా రాసి చచ్చిపోయేవాడు. అప్పులవాళ్ళు వచ్చి ఆస్తిని వేలం వేస్తే, దివాలా తీసినవాడన్న అప్రతిష్ఠ చచ్చిన యజమానికి గాక, వారసుడైన బానిస పేరు మీద పడేది. రెండో శతాబ్దపు న్యాయశాస్త్రకారుడు గయస్ ఈ సంగతిని దాచుకోకుండానే రాశాడు. అంటే వారసత్వం ఒకరికి వరమైతే, ఇంకొకరికి యజమాని పాపాన్ని మోసే కావడి.

ఇప్పుడు ఈ కాలపు అమెరికాకు రండి. అక్కడ వారసత్వ చట్టాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. ఆస్తి వద్దని రాసివ్వడానికి ఒక రాష్ట్రంలో ఒక గడువు, ఇంకో రాష్ట్రంలో ఇంకో పద్ధతి. ఈ గందరగోళం పోవాలని, రాష్ట్రాలన్నిటికీ నమూనా చట్టాలు తయారుచేసే సంఘం ఒకటి 1999లో ఒక ఏకరూప చట్టాన్ని రాసింది. రాష్ట్రాలు దాన్ని ఒక్కొక్కటిగా తీసుకుంటూ వచ్చాయి. వద్దన్నవాడిని ఆస్తి యజమాని కంటే ముందే చనిపోయినట్టు లెక్కగట్టి, ఆస్తి తరువాతి వారసుడికి పోతుందన్నది దాని సారం. పన్ను తప్పించుకోవడానికి, అప్పులవాళ్ళ చేతికి చిక్కకుండా ఆస్తిని పిల్లలకు చేర్చడానికి ఉన్నవాళ్ళు దీన్ని వాడుకుంటారు. అదే 1999లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన డ్రై కేసు ఇదే. ప్రభుత్వానికి పన్ను బాకీ ఉన్న ఒక ఆర్కన్సా రాష్ట్రవాసి, తల్లి ఆస్తి తనకు వద్దని రాసిచ్చాడు. అది అతని కూతురికి పోయింది. కోర్టు ఏమన్నది? ఆస్తి ఎవరికి పోవాలో నిర్ణయించగల అధికారం అతని చేతిలో ఉంది, ఆ అధికారమే ఒక ఆస్తి, కనుక పన్ను బాకీ దానికీ వర్తిస్తుందన్నది.

ఈ మాటను మనం గట్టిగా పట్టుకోవాలి. వద్దనగలగడమే ఒక ఆస్తి. మా తాతకు లేనిది రెండెకరాల భూమి కాదు. అది ఉంది. వద్దనే ఆస్తి లేదు.

కనుక ఏ చట్టాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వద్దనే హక్కు ఎవరికి ఉంది? వద్దంటే చేతిలో ఏం మిగులుతుంది? వద్దన్నది ఎవరి మీద పడుతుంది?

వతన్ అనే సంకెల

మన దేశంలో ఈ ప్రశ్నల్ని చట్టసభలో మొదట తేటగా లేపినవాడు అంబేద్కర్. బొంబాయి రాష్ట్రంలో మహార్లు ఊరి కింది ఉద్యోగులు. వాళ్ళ కొలువుకు ప్రతిఫలంగా ఇచ్చిన భూమిని వతన్ అన్నారు. ఊరివాళ్ళు పెట్టే గింజల్ని బలుతా అన్నారు. 1874లో బ్రిటిషు ప్రభుత్వం బొంబాయి వంశపారంపర్య ఉద్యోగాల చట్టం తెచ్చి ఈ పాత కట్టుబాటుకు సర్కారు ముద్ర వేసింది. వతన్ భూమిని బయటివాళ్ళకు అమ్ముకోవడానికి వీల్లేదు. పని చెయ్యకపోతే భూమి ఉండదు.

దీన్ని మహార్లందరూ సంకెలగానే చూశారనుకుంటే అది చరిత్ర కాదు. బీదరు సుల్తాను దగ్గర నమ్మకంగా పనిచేసిన ఒక మహారు తన జాతి కోసం 52 హక్కులు సంపాదించాడని వాళ్ళలో ఒక కథ ఉంది. వతన్ అంటే ఊళ్ళో మాకూ హక్కుంది, మేము పరాయివాళ్ళం కాదు అన్న గర్వం ఆ కథలో ఉంది. మన దగ్గర కూడా 'మేము ఊరికి ఆయగాళ్ళం' అని ముసలివాళ్ళు చెప్పుకోవడం వినే ఉంటారు. దోపిడీ ఎప్పుడూ వట్టి దెబ్బగా రాదు. చిన్న హక్కును తొడుక్కొని వస్తుంది. అందుకే దాన్ని వదిలించుకోవడం కష్టం.

అంబేద్కర్ 1927లో 'బహిష్కృత భారత్'లో దీని గురించి రాశారు. 1928 మార్చిలో బొంబాయి శాసనమండలిలో 1874 చట్టానికి సవరణ బిల్లు పెట్టారు. ఆగస్టులో దాని మీద మాట్లాడుతూ వతన్ అసలు రూపాన్ని సభ ముందు విప్పారు. మహారు ఉద్యోగికి పని వేళలు లేవు. రాత్రీ పగలూ పిలుపు వస్తే పోవాలి. రెవెన్యూ శాఖ ఒక్కటే కాదు, ఏ శాఖ ఉద్యోగి ఊళ్ళోకి వచ్చినా వాడి పని చెయ్యాలి. అతను లేకపోతే తండ్రో ఇంకొకరో పోవాలి. అంటే కొలువు ఒక మనిషిది కాదు, ఇంటిల్లిపాదిది. జీతం మాత్రం ఒక మనిషి కడుపుకూ చాలదు. బలుతా గింజలు పెట్టడం రైతు దయ మీద ఉంది. మహారు కొంచెం తల ఎత్తితే బలుతా ఆగిపోతుంది.

బిల్లులో ఏం కోరారు? కోరుకున్న వతన్‌దార్లు కొలువు నుంచి బయటపడవచ్చు. కానీ భూమి వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇకనుంచి మామూలు రైతులాగా పూర్తి శిస్తు కడతారు. కొలువులో ఉండాలనుకున్నవాళ్ళకు బలుతా బదులు డబ్బు ఇవ్వాలి, ఆ డబ్బును రైతుల దగ్గర శిస్తుతో పాటు వసూలు చెయ్యాలి. పని ఏమిటో నిబంధనల్లో రాయాలి.

ఇక్కడే అంబేద్కర్ ఆలోచన లోతు కనిపిస్తుంది. ఆయన వారసత్వాన్ని మొత్తంగా వదులుకోమనలేదు. దాన్ని రెండుగా చీల్చారు. చాకిరీ వద్దు, భూమి కావాలి. మామూలు చట్టంలో వారసత్వం వద్దంటే మొత్తం పోతుంది, మంచీ పోతుంది, చెడూ పోతుంది. తరతరాలు చాకిరీ చేసినవాళ్ళకు ఆ న్యాయం సరిపోదు. ఆ భూమి వాళ్ళకు ఉత్తగా రాలేదు. తాతల తండ్రుల ఒళ్ళు హూనమై దాని ధర ఎప్పుడో కట్టేశారు.

పై వతన్‌దార్లకు ఒక న్యాయం, కింది వతన్‌దార్లకు ఒక న్యాయం

ఈ కోరిక కొత్తదీ కాదు, వింతదీ కాదు. అదే బొంబాయి రాష్ట్రంలో 1860ల దశకంలో గోర్డన్ సెటిల్మెంటు అని ఒకటి జరిగింది. దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు కూడా వతన్‌దార్లే. కొత్త ప్రభుత్వానికి వాళ్ళ పనితో అవసరం లేకుండా పోయింది. వాళ్ళను కొలువు నుంచి తప్పించి, కొంత రుసుము తీసుకొని, వతన్ భూములు వాళ్ళకే వదిలేశారు. చాకిరీ లేదు, భూమి ఉంది. తరువాత బ్రాహ్మణ కులకర్ణీలకు కూడా కొలువు వదులుకొని వతన్ నిలుపుకునే ఏర్పాటు చేశారు. పైకులాల వాళ్ళకు కలం చేతిలో ఉండగా దొరికిన ఒడంబడిక, డప్పు చేతిలో ఉన్నవాళ్ళు అడిగేసరికి ఖజానాకు భారమైంది.

ఇంకొక ఉదాహరణ మన వైపునే ఉంది. 1929లో మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ప్రయత్నం వల్ల హిందూ ధర్మాదాయ చట్టానికి సవరణ వచ్చింది. గుడిలో సేవ చెయ్యాలన్న షరతు మీద దేవదాసీలు అనుభవిస్తున్న ఇనాం భూముల్ని ఆ షరతు నుంచి విడిపించి, భూమిని ఆ స్త్రీలకే ఉంచారు. సేవ నుంచి భూమిని విడదీయడం చట్టానికి చేతగాని పని కాదని దీనివల్ల రుజువైంది. అదే 1929లో బొంబాయిలో అంబేద్కర్ తన బిల్లును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సెలెక్ట్ కమిటీలో దాని ప్రాణం తీశారు. మిగిలిన తొడుగుతో మహార్లకు ఒరిగేదేమీ లేదని ఆయన నిర్ణయించుకున్నారు. తెలంగాణలో, రాయలసీమలో తల్లి తరువాత బిడ్డ జోగినిగా మారిన దళిత స్త్రీలకు మద్రాసు సవరణలాంటిది కూడా దక్కలేదు. వాళ్ళ దగ్గర విడిపించడానికి భూమే లేదు. వాళ్ళ వారసత్వం ఒట్టి కట్టుబాటు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది 1988లో.

అంబేద్కర్ వదిలిపెట్టలేదు. 1937 తరువాత కొత్త శాసనసభలో ఈ సమస్యను మళ్ళీ ఎత్తారు. 1939 డిసెంబరులో అహ్మద్‌నగర్ జిల్లా హరేగాఁవ్‌లో మహార్, మాంగ్ తదితర వతన్‌దార్ల సభ జరిగింది. వతన్ భూముల మీద వేసిన శిస్తు భారానికి వ్యతిరేకంగా అక్కడ ఆయన మాట్లాడారు.

చివరికి బొంబాయి కింది గ్రామ వతన్ల రద్దు చట్టం 1958లో తయారై, 1959 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి అంబేద్కర్ చనిపోయి రెండేళ్ళు దాటింది. కొలువు రద్దయింది. భూమి మాత్రం ముందు ప్రభుత్వానికి పోయింది. పూర్తి శిస్తుకు మూడు రెట్లు గడువులోగా కడితే తిరిగి పాత వతన్‌దారుకు ఇస్తారు. కట్టకపోతే అతను తన పొలంలోనే అక్రమంగా ఉన్నవాడవుతాడు. కట్టినా, కలెక్టరు అనుమతి లేకుండా అమ్ముకోవడానికి వీల్లేదు. అమ్మకం మీద అదుపు దళితుల భూమి నిలబడడానికి అవసరమే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ తరతరాల చాకిరీతో కొన్న భూమిని మళ్ళీ ఒకసారి కొనుక్కోమనడం ఏ న్యాయం?

పక్కనున్న మైసూరులో గ్రామ ఉద్యోగాల రద్దు చట్టం 1961లో చేశారు, 1963 ఫిబ్రవరి నుంచి అమలైంది. అక్కడా రద్దు, స్వాధీనం, తిరిగి ఇవ్వడం అన్న పద్ధతే. ఒకే చాకిరీ, ఒకే రకం మనుషులు. ఎల్లకు ఇవతల ఒక గడువు, అవతల ఒక గడువు.

మన దగ్గర ఏం జరిగింది

ఆంధ్ర జిల్లాలు మద్రాసు కింద ఉన్నప్పుడు 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం నడిచింది. కరణం, మునసబుల నుంచి నీరుగంటి, తలారి, వెట్టి దాకా అందరినీ ఆ చట్టం ఒకే గాటన కట్టింది. కొలువుకు కట్టిన ఇనాం భూమిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. చూడడానికి అందరికీ ఒకటే చట్టం. కానీ కరణానికి వారసత్వం అంటే ఊరి లెక్కలన్నీ తన ఇంట్లో ఉండడం. వెట్టికి వారసత్వం అంటే తన ఒళ్ళు ఊరి చేతిలో ఉండడం.

ఈ చట్టం మీద 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. గాజుల దశరథ రామారావు కేసు. అది గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి గురించిన తగాదా. పాత ఉద్యోగి కుటుంబం నుంచే మనిషిని ఎంచుకోవాలన్న నియమం వంశాన్ని బట్టి వివక్ష చూపడమేనని, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానావకాశం ఇచ్చే 16వ అధికరణానికి అది విరుద్ధమని కోర్టు చెప్పింది. గొప్ప తీర్పే. కానీ చూడండి, అది లోపలికి రాకుండా ఆపబడినవాడు గెలిచిన కేసు. వంశం పేరు చెప్పి బయటికి పోనివ్వకుండా ఆపబడినవాళ్ళ కేసు కాదు. కుర్చీ కోసం కోర్టుకు పోయేవాళ్ళు ఉంటారు. డప్పు వదిలించుకోవడానికి కోర్టుకు పోవాలంటే, పోయిరావడానికి ముందు ఒకరోజు సెలవు కావాలి. బేగారికి సెలవెక్కడిది?

తెలంగాణలో సంగతి ఇంకా గడ్డు. నిజాం రాజ్యంలో సర్కారు పని, దొర పని అని గీత గీసి చూపే వీలు లేదు. పటేలు చేతిలోనే రెండూ. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ వెట్టి గురించి మాట్లాడింది. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో వెట్టి బద్దలైన ఊళ్ళున్నాయి. అది నిజం. కానీ పోరాటం తరువాత వచ్చిన చట్టాన్ని చూస్తే ఏం కనిపిస్తుంది? 1955 హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం, ఊరి సేవ కోసం ఇచ్చిన ఇనాముల్ని, అంటే సేత్‌సింధీ, నీరడి, బలూతా ఇనాముల్ని తన పరిధిలో చేర్చకుండా మినహాయించింది. జాగీర్లు పోయాయి, పెద్ద ఇనాములు పోయాయి. మా తాత చెలక మాత్రం డప్పుకు కట్టేసే ఉంది. ఊరికి సేవ ఇంకా కావాలి కదా! మినహాయింపు అనే మాట వినడానికి దయలాగా ఉంటుంది. ఇక్కడ దాని అర్థం, నిన్ను వదిలిపెట్టం అని.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. 1985లో అది చట్టమైంది. ఊళ్ళో పెత్తనం చేసిన వారసత్వం ఒక్క దెబ్బతో పోయింది. మన వాడల్లో ఆనాటి సంతోషాన్ని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అయితే పైవాడు పోయాడు, కిందివాడు ఉండిపోయాడు. కావలికారు, నీరడి, బేగారి గ్రామ సేవకులయ్యారు, తరువాత వీఆర్ఏలయ్యారు. పేరు మారింది. గౌరవ వేతనం అన్నారు. గౌరవమూ లేదు, వేతనమూ లేదు. కొడుకు తండ్రి స్థానంలోకి రావడం ఆగలేదు. మా నాయిన అట్లనే వచ్చాడు.

అప్పు కూడా వారసత్వమే

భూమి లేనివాళ్ళకు వారసత్వంగా ఏం వస్తుంది? అప్పు. తండ్రి చేసిన అప్పు తీర్చడం కొడుకుకు పవిత్ర ధర్మమని హిందూ ధర్మశాస్త్రం అన్నది. బ్రిటిషు కోర్టులు దాన్ని చట్టంగా మార్చుకున్నాయి. అయినా ఆ చట్టంలో కొన్ని తలుపులున్నాయి. జూదానికో మరో చెడు పనికో చేసిన అప్పుకు కొడుకు బాధ్యుడు కాడు. బాధ్యత ఉమ్మడి ఆస్తిలో తనకొచ్చే వాటా మేరకే గాని, కొడుకు ఒంటి మీద కాదు. ఆస్తి ఉన్న కుటుంబాలు ఈ తలుపుల కోసం ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి వాదించాయి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు పార్లమెంటు ఈ పవిత్ర ధర్మాన్నే కొట్టేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 9 తరువాత చేసిన తండ్రి అప్పును కేవలం ధర్మం పేరు చెప్పి కొడుకు మీద వసూలు చెయ్యడానికి కోర్టులు ఒప్పుకోవు.

భాగేలా ఉన్న ఇంట్లో ఈ తలుపులేవీ లేవు. దొర దగ్గర తీసుకున్న అప్పుకు తండ్రి జీతముంటాడు. తండ్రి చస్తే కొడుకు ఉంటాడు. వాటా మేరకు అన్న మాట లేదు, ఎందుకంటే వాటా లేదు. ఒళ్ళే జమానతు. దీని మీద కూడా రాజ్యానికొక చట్టం వచ్చింది. బీహారు, ఒరిస్సాలో కామియా ఒప్పందాల చట్టం 1920లో. మద్రాసు ఏజెన్సీలో అప్పు బానిసత్వ రద్దు నిబంధన 1940లో. హైదరాబాదులో భాగేలా ఒప్పందాల చట్టం 1943లో. రాజస్థాన్‌లో సాగ్రీ పద్ధతి రద్దు 1961లో. కామియా, గోఠీ, భాగేలా, సాగ్రీ. పేర్లు వేరు, మెడ ఒకటే. 1950లో రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించిన తరువాత కూడా దేశమంతటికీ ఒక్క చట్టం రావడానికి పాతికేళ్ళు పట్టింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం.

ఈ 1976 చట్టంలోని నిర్వచనాన్ని మన విద్యార్థులు తప్పక చదవాలి. అప్పు వల్ల చేసే చాకిరీ మాత్రమే వెట్టి అని అది అనలేదు. ఆచారం వల్ల వచ్చిన బాధ్యత, వారసత్వం వల్ల వచ్చిన బాధ్యత, ఫలానా కులంలో పుట్టినందుకు వచ్చిన బాధ్యత, వీటి పేరుతో చేయించుకునేది కూడా వెట్టేనని పేరు పేరునా చెప్పింది. ఆ అప్పు చెల్లదు, ఆ బాధ్యత చెల్లదు, ఆ పేరుతో పట్టుకున్న ఆస్తి తిరిగి ఇవ్వాలి. మొదటిసారిగా ఈ దేశంలో ఒక చట్టం, పుట్టుకతో వచ్చిన బరువును దించి కింద పెట్టవచ్చు అన్నది. దీన్ని ఇటుక బట్టీలకూ క్వారీలకూ మాత్రమే పనికొచ్చే చట్టంగా కుదించి చూడడం మన పొరపాటు. చావు డప్పు కొట్టనన్నందుకు, చచ్చిన గొడ్డును ఎత్తనన్నందుకు వెలివేసిన చోట అత్యాచారాల నిరోధక చట్టంతో పాటు దీన్ని కూడా చేతికి తీసుకోవాలి.

మనకు కావలసింది

ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలకు తిరిగి వద్దాం. వద్దనే హక్కు ఎవరికి ఉంది? దేశ్‌ముఖ్‌కు 1860లలో వచ్చింది, మహారుకు 1959లో, మా తాతకు ఆయన బతికుండగా రాలేదు. వద్దంటే ఏం మిగులుతుంది? దేశ్‌ముఖ్‌కు వతన్ మొత్తం, మహారుకు మూడు రెట్ల శిస్తు కడితే భూమి, బేగారికి ఊరి కోపం. వద్దన్నది ఎవరి మీద పడుతుంది? అమెరికాలో వద్దన్న ఆస్తి కూతురి చేతికి పోయింది. మా ఇంట్లో వద్దన్న చాకిరీ పదేళ్ళ కొడుకు నెత్తి మీద పడింది.

కొందరు మిత్రులు అడుగుతారు. వారసత్వపు కొలువు ఇంత చెడ్డదైతే, 2022లో వీఆర్ఏలు రెండు నెలలకు పైగా సమ్మె చేసి వారసులకు ఉద్యోగాలు ఎందుకు అడిగారు అని. ఇందులో వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది, లేదు. వాళ్ళు అడిగింది పాత చాకిరీని కాదు, పే స్కేలును. దేశ్‌ముఖ్ చాకిరీ వదిలి భూమి ఉంచుకున్నట్టే, వీళ్ళూ చాకిరీ వదిలి, దాని కోసం పోసిన తరాల చెమటకు ప్రతిఫలం అడిగారు. 1928 బిల్లులో అంబేద్కర్ గీసిన గీత మీదనే వాళ్ళు నిలబడ్డారు, ఆ బిల్లు పేరు విన్నా వినకపోయినా.

అయితే ఒక హెచ్చరిక కూడా చేసుకోవాలి. వంశాన్ని బట్టి కొలువు ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమన్న 1960 తీర్పు మన చేతిలో ఉన్న ఆయుధం. తరాల చాకిరీకి నష్టపరిహారంగా ఒక్కసారికి ఉద్యోగం అడగడం న్యాయం. ఆ కొలువు మళ్ళీ మనవడికి, మునిమనవడికి మా వాడదే అని అడిగే రోజు వస్తే, మనమే వతన్‌ను తిరిగి రాసుకున్నవాళ్ళమవుతాం.

చెయ్యవలసిన పని చాలా ఉంది. ఏ ఊళ్ళో ఎన్ని ఎకరాల సేవా ఇనాం ఉండేది, ఇప్పుడు పహాణీలో ఎవరి పేరు మీద ఉంది అన్న లెక్క తియ్యాలి. మా తాత చెలక ఈరోజు ఇంకొకరి పట్టా. ఉపాధ్యాయులు తమ విద్యార్థులతో ఇంటి పెద్దల్ని అడిగించి రాయించవచ్చు. మన ఇళ్ళల్లో దస్తావేజులు ఉండవు, ముసలివాళ్ళు ఉంటారు. వాళ్ళు పోతే ఆ రికార్డు పోయినట్టే. కార్యకర్తలు అడగవలసింది ఒకటే మాట: కులం పేరుతో వారసత్వంగా వచ్చిన ఏ బాధ్యతనైనా వదులుకునే హక్కు, దానికి కట్టిన భూమి మీద హక్కు పోకుండా, ఏ రాష్ట్రంలో ఉన్న దళితుడికైనా ఒకే తీరుగా ఉండాలి. ఆస్తి ఉన్నవాళ్ళ వద్దుల కోసం అమెరికా రాష్ట్రాలు కూర్చొని ఒకే రకం చట్టం రాసుకోగలిగినప్పుడు, లేనివాళ్ళ వద్దు కోసం మన రాష్ట్రాలు ఎందుకు రాసుకోలేవు?

నేను రాసిచ్చిన కాగితం ఆఫీసులో ఉంది. ఈ వ్యాసం రాసేనాటికి తమ్ముడికి ఆర్డరు రాలేదు. దాని కోసం వాడు తిరుగుతూనే ఉన్నాడు. నకలు ఒకటి నాయిన అడిగి తీసుకొని తన పెట్టెలో పెట్టుకున్నాడు. చదవడం రాదు ఆయనకు. ఎందుకు నాయినా అంటే, "మన ఇంట్ల వద్దని రాసిన కాగితం ఇదొక్కటే గదా బిడ్డా, ఉండనీ" అన్నాడు.